కప్పు తీసిన కారు

దస్తగిరి సాహెబ్ దగ్గర పనిలో చేరి ఏళ్లు గడిచినా, కారు కప్పు కోసే పని మాత్రం భూషణానికి దక్కలేదు. అదే అతని బాధ.

మద్రాసులో వడపళని స్టూడియోల వెనక వీధిలో ఉండేది ఆ షెడ్డు. ఆ రోజుల్లో పిక్చరంటే ఓ కారు పాట ఉండాల్సిందే. హీరో స్టీరింగ్ పట్టుకుని పాడాలి, హీరోయిన్ పక్కన కూర్చుని పైట గాలికి వదలాలి. దానికి కప్పు లేని కారు కావాలి. ఇంగ్లీషు సినిమాల్లో కనపడే అమెరికా కార్లు కొన్ని పుట్టుకతోనే అలా వస్తాయి. మన దాకా వచ్చిన డాడ్జీలూ ప్లిమత్‌లూ మాత్రం చాలావరకు మూతబండ్లే. జమీందార్లు వాడి వదిలేసినవి. వాటి కప్పు కోసి, అంచులు మలిచి, వెనక కాన్వాసు మడతకప్పు అమర్చి, తెర మీద అమెరికా నుంచి నేరుగా దిగినట్టు నిలబెట్టేవాడు దస్తగిరి సాహెబ్. కడప మనిషి. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్లు.

భూషణం అసలు పేరు నాగభూషణాచారి. తెనాలిలో కమ్మరం చేసే ఇంట్లో పుట్టాడు. రేకు అతని చేతిలో తడిబట్టలా వంగేది. ఆదివారమొస్తే మౌంటు రోడ్డులో ఇంగ్లీషు సినిమాకి వెళ్లేవాడు. కథ అర్థమయ్యేది కాదు. దాంతో అతనికి పనీ లేదు. తెర మీదికి కప్పు లేని కారు వచ్చిందంటే ముందుకు వంగి కూర్చునేవాడు. బయటికొచ్చేసరికి హీరో మొహం మర్చిపోయేవాడు. ముందద్దం దగ్గర మొదలై తోకదాకా సాగే ఆ ఒక్క గీత మాత్రం కళ్లలో ఉండిపోయేది.

అలాంటి గీత తన చేత్తో గీయాలి. అతని కోరిక అది.

ఉస్తాద్ అతనికి ఇచ్చే పని వేరు. బండి కింద వెల్లకిలా పడుకుని, తలుపుల అడుగున పొడుగూతా దూలాల్లాంటి ఇనుప చానెళ్లు వెల్డింగ్ చెయ్యాలి. సీట్ల కింద అడ్డంగా మరో రెండు, ఒకదాన్నొకటి దాటేలా వెయ్యాలి. నిప్పురవ్వలు చొక్కా మీద పడి చిల్లులు పడేవి. అంతా అయ్యాక ఉస్తాద్ వచ్చి, సుద్దముక్కతో పైన గీత గీసి, రంపం అందుకునేవాడు. అప్పుడు వీధి వీధంతా గుమిగూడేది. కప్పు ఊడి పైకి లేస్తుంటే జనం ఈలలు వేసేవాళ్లు. భూషణం అప్పటికింకా ఒంటికంటిన మసి తుడుచుకుంటూ ఉండేవాడు.

"ఉస్తాద్, నా చేతికి రంపం ఎప్పుడిస్తారు?" అని అడిగేవాడు.

"కింద పని అయ్యిందా అబ్బీ?"

"అయింది ఉస్తాద్."

"ఇంకోసారి చూసుకోపో."

ఎప్పుడడిగినా అదే జవాబు.

*

ఓ ఎండాకాలం ఉస్తాద్ చెల్లెలి కొడుకు పెళ్లి కుదిరింది. ఆయన కడప బయల్దేరే ముందు రోజే షెడ్డులోకి ఓ ప్లిమత్ వచ్చింది. నాలుగు తలుపుల బండి. పొడుగాటి ముక్కు, వెనక కొంచెం పైకి లేచిన తోక. హార్స్‌లీ కొండ మీద తీయబోయే పాట కోసం. ప్రొడక్షన్ మేనేజరు పానకాలరావు దగ్గరుండి తోలించుకొచ్చాడు.

ఉస్తాద్ బండి చుట్టూ తిరిగి చూశాడు. "కింద పని మొదలుపెట్టు. పైది నేనొచ్చినాక చూద్దాం," అని రైలెక్కాడు.

పెళ్లి తర్వాత ఇంట్లో ఎవరికో జ్వరమొచ్చింది. ఉస్తాద్ అనుకున్న రోజుకు రాలేదు. పానకాలరావు రోజూ వచ్చి షెడ్డు ముందు నిలబడేవాడు.

"హీరో గారి డేట్లు పోతే మళ్లీ దొరకవయ్యా భూషణం. ఇంకో షెడ్డు చూసుకోమంటావా?"

"ఉస్తాద్ రావాలండీ."

"నీ చేతులకేమైంది? పని నీదే, పేరు ఆయనది. ఈ సంగతి నాకు తెలియదనుకున్నావా?"

ఆ మాట భూషణం చెవిలో పడి అక్కడే కూర్చుంది.

మర్నాడు సుద్దముక్క అందుకున్నాడు. ముందద్దం దగ్గర మొదలుపెట్టి, చెయ్యి ఆపకుండా తోకదాకా గీశాడు. వెనక్కి జరిగి చూసుకున్నాడు. తెర మీద చూసిన గీతే.

కింద పని పూర్తిగా చేసే తీరిక లేదు. చానెళ్లు తెప్పించి, కొలిచి, కోసి, అతికేసరికి డేట్లు దాటిపోతాయి. అయినా కొండ మీద ఓ పాటకి వాడే బండికి అంత ఇనుము దేనికి? ముసలాయన జాగ్రత్త మరీ ఎక్కువ అనుకున్నాడు. రెండు పక్కలా పల్చటి పట్టీలు అతికి సరిపెట్టాడు.

రంపం పట్టాడు. వీధి జనం మూగారు. కప్పు పైకి లేచినప్పుడు ఈలలు వేశారు.

అదే సమయంలో బండిలోంచి ఓ చిన్న చప్పుడు వచ్చింది. మంచం పట్టె కిర్రుమన్నట్టు. ఈలల్లో ఎవరికీ వినపడలేదు. భూషణానికి వినపడింది.

తర్వాత చూస్తే తలుపులు బిగుసుకున్నాయి. ఆకురాయి తీసుకుని అంచులు అరగదీశాడు. బందులు వదులుచేసి కాస్త పైకి జరిపాడు. తలుపులు మళ్లీ మెత్తగా పడ్డాయి. మీగడ రంగు వేయించాడు. ఎర్ర రెక్సిను సీట్లు కుట్టించాడు. బండి కన్నెపిల్లలా తయారైంది.

హీరోయిన్ హైమావతి వాళ్లమ్మతో కలిసి చూడటానికి వచ్చింది. ఏలూరు నుంచి వచ్చిన కొత్తమ్మాయి. మొదటి పిక్చరు. ముందు సీట్లో ఎడమపక్క ఎక్కి కూర్చుని, మోచెయ్యి తలుపు మీద ఆనించి, "అమ్మా, ఆకాశం మొత్తం కనపడుతోందే!" అని నవ్వింది.

భూషణం ఆ సంతోషంతోనే ఇంటికి వెళ్లాడు.

*

బండి కొండకు బయల్దేరడానికి ముందు రోజు మధ్యాహ్నం ఉస్తాద్ వచ్చాడు. చేతిలో సంచీ ఇంకా దించలేదు. షెడ్డు మధ్యలో మీగడరంగు ప్లిమత్ మెరుస్తూ నిలబడి ఉంది. పక్కన పానకాలరావు పూలదండ పట్టుకుని ఉన్నాడు.



ఉస్తాద్ కోపగించుకోలేదు. బండి చుట్టూ తిరిగాడు. అరచేత్తో అంచు నిమిరాడు. ముందద్దం దగ్గర మొదలై తోకదాకా నిమిరి, ఆగాడు.

"గీత బాగుంది అబ్బీ. నా చేతిలో ఇంత బాగా రాదు."

ఇన్నేళ్లుగా ఆ మాట కోసమే చూశాడు భూషణం. కళ్లు చెమ్మగిల్లాయి.

"లోపల కూర్చో," అన్నాడు ఉస్తాద్.

భూషణం స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఉస్తాద్ తలుపు వేశాడు. మెత్తగా పడింది. ఆయన సంచీ దించి, మూలనున్న జాకీ తీసుకొచ్చి, ముందు చక్రం దగ్గర పెట్టి తిప్పసాగాడు. చక్రం నేలను వదిలి జానెడు లేచింది.

"దిగు."

భూషణం పిడి నొక్కాడు. తలుపు రాలేదు. భుజంతో తోశాడు. రాలేదు. కాలితో తన్నబోయి, కొత్త రంగు గుర్తొచ్చి ఆగాడు.

పానకాలరావు నవ్వాడు. "తలుపుతో పనేంటయ్యా, పైనుంచి దూకెయ్. కప్పు లేదుగా!"

ఉస్తాద్ నవ్వలేదు. జాకీ దించి, అటుపక్కకి తీసుకెళ్లి వెనక చక్రం కింద పెట్టాడు. తిప్పాడు. ఈసారి ఎడమపక్క ముందు తలుపు టక్కుమంది. ఎవరూ ముట్టుకోకుండానే గడియ జారి, బయటికి వేలాడింది.



"ఆ అమ్మాయి ఏ పక్క కూర్చుంటుంది?" అని అడిగాడు ఉస్తాద్.

భూషణం తెరుచుకున్న తలుపు వంక చూస్తూ ఉండిపోయాడు.

ఉస్తాద్ షెడ్డు వెనక్కి వెళ్లాడు. కోసి పడేసిన కప్పు అక్కడ గోడకి ఆనించి ఉంది. దాని మీద దుమ్ము దులిపి, "ఇది ఇన్నాళ్లూ ఎండకీ వానకేనా ఉండింది?" అన్నాడు. "దీని పని ఇప్పుడెవరు చేస్తున్నారు అబ్బీ?"

అని నమాజుకు కాళ్లూ చేతులూ కడుక్కోడానికి వెళ్లిపోయాడు.

*

పానకాలరావు భూషణం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఇదేం పెద్ద సంగతి కాదు. తలుపుకి లోపల్నుంచి తాడు కట్టేద్దాం. కెమెరాకి కనపడదు. బండి మెల్లగా పోనిస్తాం. ఒక్క పాట, అంతేగా!"

భూషణం మనసులో మంట రేగుతోంది. కొంత ఉస్తాద్ మీద. ఇంతమంది ముందు జాకీ పెట్టాలా? శిష్యుడి పని బాగుంటే గురువుకి కడుపుమంట అనుకున్నాడు. కానీ కప్పు లేచినప్పుడు, పట్టు పోయి బండి కుంగిన ఆ చప్పుడు ఇప్పుడు మళ్లీ వినపడుతోంది. దాన్ని తను విన్నాడు. విని, ఆకురాయి తీసుకున్నాడు.

నమాజు ముగించుకుని ఉస్తాద్ వచ్చాడు. పానకాలరావు ఆయనకి ఎదురెళ్లాడు.

"ఉస్తాద్, మీరొక్క మాట చెప్పండి. రేపు బండి వస్తుందా, రాదా?"

"బండి కోసింది అతను. అతన్నే అడగండి."

ఇద్దరూ భూషణం వైపు తిరిగారు. పూలదండ పానకాలరావు చేతిలోనే వాడిపోతోంది.



"రాదండీ."

"ఏంటీ?"

"బండి రేపు రాదు. ఆ సీట్లో నేను ఎవర్నీ కూర్చోబెట్టను."

పానకాలరావు అరిచాడు. డైరెక్టరుకేం చెప్పాలన్నాడు. హీరో గారి డేట్లు పోతాయన్నాడు. ఈ షెడ్డు గడప ఇక తొక్కనన్నాడు. దండ విసిరికొట్టాడు. భూషణం తలదించుకుని అంతా విన్నాడు. అరుపులు ఆగాక అన్నాడు.

"హీరో గారివి వేరే సీన్లు ముందు తీసుకోండి. శుక్రవారానికి బండి కొండ మీద ఉంటుంది. లారీకెక్కించి కాదు. నేనే నడుపుకొస్తా."

"రాకపోతే?"

"వస్తుందండీ."

*

ఆ పూటే సీట్లు ఊడదీశాడు. కుట్టించిన రెక్సిను జాగ్రత్తగా మడిచి పక్కన పెట్టాడు. అడుగు రేకు విప్పాడు. తను అతికిన పల్చటి పట్టీలు చూస్తే, నడుము దగ్గర విరగబోయే బద్దల్లా వంగి ఉన్నాయి. వాటిని ఊడగొట్టేటప్పుడు అతనికి సిగ్గేసింది.

కుంగిన బండిని జాకీలతో కొంచెం కొంచెంగా లేపాడు. కొంచెం లేపడం, తలుపు సందు చూడటం, మళ్లీ కొంచెం లేపడం. సందు పైనా కిందా సమానంగా వచ్చాక ఆపాడు. అరగదీసిన అంచులకు మళ్లీ రేకు అతకాల్సి వచ్చింది. ఆకురాయితో గంటలో పోగొట్టిన దాన్ని తిరిగి తేవడానికి రోజంతా పట్టింది.

తర్వాత బండి కిందికి దూరాడు.

ఉస్తాద్ సాయానికి రాలేదు. ఓ పెట్టె బోర్లించుకుని గుమ్మం దగ్గర కూర్చుని టీ తాగేవాడు. భూషణం బయటికొచ్చి "చూడండి ఉస్తాద్," అంటే లేచి వచ్చి, మాట లేకుండా జాకీ పెట్టేవాడు. "దిగు," అనేవాడు. తలుపు కాస్త పట్టేసేది. ఆయన వెళ్లి మళ్లీ పెట్టె మీద కూర్చునేవాడు. భూషణం మళ్లీ కిందికి దూరేవాడు.

వెల్డింగ్ వేడికి కింద రంగు పొక్కింది. బండి పక్కన మచ్చలు పడ్డాయి. భూషణం వాటిని చూసి ఓ నిట్టూర్పు విడిచాడు, అంతే. మళ్లీ దేన్నీ అందం కోసం ఆపలేదు. సీట్ల కింద అడ్డంగా వేసే చానెళ్లు ఉస్తాద్ ఎప్పుడూ రెండు వేయించేవాడు. ఈ బండి పొడుగు చూసి భూషణం మూడోది కూడా వేశాడు. ఉస్తాద్ అది చూశాడు. వద్దనలేదు, బాగుందనలేదు.

గురువారం మధ్యాహ్నం భూషణం ఉస్తాద్‌ని పిలవలేదు. తనే జాకీ తెచ్చి పెట్టాడు. లేపాడు. ఎక్కి కూర్చుని తలుపు వేసుకుని, తీశాడు. వచ్చింది. ఇంకో చక్రం లేపాడు. ఇటూ అటూ నాలుగు చక్రాలూ లేపి చూశాడు. తలుపులు నాలుగూ పెళ్లివారింటి తలుపుల్లా తేలిగ్గా తెరుచుకున్నాయి, మూసుకున్నాయి.

గుమ్మం వైపు చూశాడు. ఉస్తాద్ టీ గ్లాసు కడుగుతున్నాడు.

"మీరు చూడరా ఉస్తాద్?"

"నువ్వు చూసినావు కదా."

*

శుక్రవారం తెల్లారేసరికి చిత్తూరు దాటారు. భూషణం నడుపుతున్నాడు. పక్కన పానకాలరావు, ఓ చేత్తో టోపీ, ఇంకో చేత్తో తలుపు పిడి గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. బండికి కిందంతా మచ్చలున్నాయని దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాడు. వెనక సీట్లో ఉస్తాద్. రమ్మని ఎవరూ అడగలేదు. బయల్దేరే వేళకి మెడకి తువ్వాలు చుట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

మదనపల్లి దాటాక కొండ మొదలైంది.

మొదటి మలుపులో భూషణం చెవులు రిక్కించి విన్నాడు. ఇంజను మోత, గాలి, ఎక్కడో కోతుల అరుపు. బండిలోంచి వేరే చప్పుడు లేదు. రెండో మలుపు. మూడోది. పైకి వెళ్లేకొద్దీ రోడ్డు సన్నబడింది. ఒక పక్క రాయి, ఇంకో పక్క లోయ.

సగం దూరంలో రోడ్డు కోసుకుపోయి ఉంది. కిందటి వానలకి అంచు జారినట్టుంది. గులకరాళ్లు పోసి వదిలేశారు. భూషణం బండి ఆపి, దిగి, చూసొచ్చాడు.

"వెనక్కి పోదామా?" అన్నాడు పానకాలరావు.

"మీరు దిగి నడిచి రండి. ఉస్తాద్, మీరూ..."

వెనక్కి తిరిగి చెప్పబోయి, మళ్లీ ముందుకు తిరిగాడు. పానకాలరావు ఒక్కడే దిగాడు.

భూషణం బండిని మెల్లగా ముందుకు పోనిచ్చాడు. ముందు ఎడమ చక్రం గుంటలోకి దిగింది. కుడి వెనక చక్రం గాలిలోకి లేచినట్టయింది. బండంతా ఓ పక్కకి ఒరిగింది. లోయ దగ్గరికొచ్చింది. భూషణం యాక్సిలరేటర్ మీద కాలు మాత్రం తీయలేదు.

బండి కిర్రుమనలేదు. నిండుకుండలా తొణక్కుండా ఒరిగి, అలాగే నిండుగా లేచి అవతలికి వచ్చింది. తలుపులు నాలుగూ వేసినవి వేసినట్టే ఉన్నాయి.

పానకాలరావు పరుగున వచ్చి ఎక్కాడు. మొహం పాలిపోయి ఉంది.

"ఉస్తాద్! చూశారా! మీరేమంటారు?" అంటూ వెనక్కి తిరిగాడు.

"లేపకండి," అన్నాడు భూషణం.

పానకాలరావు ఆశ్చర్యంగా చూశాడు. ఉస్తాద్ తల వెనక్కి వాల్చి, నోరు కాస్త తెరిచి, గుర్రు పెడుతున్నాడు. మెడ చుట్టూ తువ్వాలు గాలికి రెపరెపలాడుతోంది.

"ఎప్పట్నించి?"

"రెండో మలుపు దగ్గర్నించి," అన్నాడు భూషణం.

కొండ మీద యూనిట్ అంతా ఎదురొచ్చింది. ఎవరో విజిల్ వేశారు. హైమావతి పరుగెత్తుకొచ్చి బండి ముక్కు మీద చెయ్యి వేసింది. కెమెరామన్ దూరం నుంచే చేతులతో చట్రం కట్టి చూసుకుంటున్నాడు. ఆ సందడికి ఉస్తాద్ కదిలాడు. కళ్లు నులుముకున్నాడు. చుట్టూ కొండలు, పొగమంచు, జనం.

"వచ్చేసినామా అబ్బీ?" అన్నాడు.